ఎడమ చెవికి నేర్పిన పాట

నెల్లూరు వైపు వెళ్లొచ్చానంటే జనం అడిగేవి రెండే ప్రశ్నలు. చేపల పులుసు తిన్నావా, పక్షుల్ని చూశావా అని. పులుసు తిన్నాను. పక్షులు దూరం నుంచి తెల్లగా కనిపించాయి. అవి కొంగలో గూడబాతులో చెప్పగలిగేంత దగ్గరికి నేను పోలేదు. నేను పోయింది పాటలు వినడానికి. తెనాలి నుంచి అంత దూరం పాటలకేనా అని మా మరిది ముక్కున వేలేసుకున్నాడు. ఫోన్లో నొక్కితే వచ్చేవాటికి రైలెక్కడం దేనికని అడిగాడు.

దేనికో చెప్తాను. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఒక రకంగా చెవిని నమ్ముకుని బతికినదాన్ని. సంగీతం నేర్చుకోలేదు. చిన్నప్పుడు నా గొంతు విని మా అమ్మ, "పాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు వినవే రాజ్యం తల్లీ" అంది. ఆ మాట శిరసావహించి యాభై ఏళ్లకు పైగా విన్నాను. రేడియోలో విన్నాను, క్యాసెట్లలో విన్నాను, పందిళ్లలో చివరి వరసలో కూర్చుని విన్నాను. ఇప్పుడు కుడి చెవి దాదాపు పోయింది. ఎడమ చెవి కూడా పై స్థాయి నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా దిగుతోందట. "మాటలకు మిషన్ పనికొస్తుందమ్మా, పాటలకు నేను హామీ ఇవ్వలేను" అన్నాడు డాక్టరు.

ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది. ఇంట్లో కూర్చుంటే తేలదు. మనుషులు ఎదురుగా పాడుతుంటే, వాయిస్తుంటే, దగ్గర కూర్చుని వినాలి. వినిపిస్తే సరే. లేకపోతే ఇంక ఆశ వదిలేసుకోవచ్చు. ఇదీ నా యాత్రకు కారణం.

రైల్లో విజిలు

చెవి మిషన్‌కు ఒక జబ్బుంది. పక్కన ఏదైనా ఆనితే కుయ్‌మని కూస్తుంది. ఒంగోలు దాటాక కిటికీకి తల ఆనించి కునుకు తీశాను. నాకైతే ఏమీ వినిపించలేదు. కళ్లు తెరిచేసరికి ఎదురు సీటావిడ తన సంచీ మొత్తం సీటు మీద గుమ్మరించి వెతుకుతోంది. ఆమె భర్త సీట్ల కింద దూరాడు. ఏమైందని అడిగితే, "ఏందో కూస్తా ఉండాదమ్మా ఇందాకట్నించి" అంది. చెవిలోంచి తీసి చూపించాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇంత ఖరీదైనది, గమ్మున ఉండేది కొనుక్కోకూడదా?" అని నన్నే మందలించింది.

బిట్రగుంట

బిట్రగుంటలో దిగాను. వీధులు వెడల్పు, ఇళ్లు తక్కువ. రైల్వేవాళ్లు ఒక కాలంలో దర్జాగా కట్టుకున్న ఊరు. సగం క్వార్టర్లకు తలుపుల్లేవు, వేపచెట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అక్కడ ప్రసాదరావు గారని రిటైరైన గార్డు ఒకాయన పాత గ్రామఫోన్ రికార్డులు దాచుకున్నారని తెనాలిలో విన్నాను. ఫోన్ చేస్తే, "మీరు రండమ్మా, భోజనం కూడా ఈడే" అన్నారు.

వంకాయ బజ్జీ, నెయ్యి, ఎర్రగా గోంగూర. మా తెనాలిలో కారం ముందు తగిలి పులుపు తర్వాత వస్తుంది. ఇక్కడ పులుపుదే పెత్తనం. ఆయన భార్య వడ్డిస్తూనే ఉన్నారు, ఆయన రికార్డు మీద రికార్డు పెడుతూనే ఉన్నారు. తోడి, కల్యాణి, నేను లంగాలు కట్టుకునే రోజుల్లో విన్న నాటకం పద్యాలు. మిషన్ తీసి పక్కన పెట్టాను. అన్నీ వినిపించాయి. గీతల చప్పుడు వెనకాల గమకం వంపుతో సహా వినిపించింది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

"నాకు చెవుడొస్తోందన్నారండీ డాక్టరు" అన్నాను.

"ఏందమ్మా?" అన్నారాయన. నేను గట్టిగా మళ్లీ చెప్పాను.

"మీకా? భలేవారే. మీ చెవికి ఏం ఢోకా లేదు."

ఆయన భార్య నవ్వాపుకోలేకపోయింది. "ఆయనకే ఏమీ వినపడదమ్మా. ముప్పై ఏళ్లు బండి వెనకాల నిలబడి ఈల ఊదినాడు. పెట్టె సౌండు వీధి చివరికి పోతా ఉంటది, మీకు అర్థం కాలేదా?" అంది. సాక్షి ఎలాంటివాడో తెలిసినా, ఆయన తీర్పు నాకు నచ్చింది.

నెల్లూరులో ఒక పూట

నెల్లూరులో పులుసు తిన్న సంగతి కూడా చెప్పి ఆ ముచ్చట తీర్చేస్తాను. బస్టాండు దగ్గర మెస్సులో కొర్రమేను, మామిడికాయ ముక్క వేసి వండింది. పొద్దున చేసిన పులుసు రాత్రికి రుచి, రాత్రిది మర్నాటికి రుచి అంటారు వాళ్లు. మా వైపు చేపని వేడిగా తినకపోతే నేరం. వడ్డించే ఆమె నేను ముల్లు తీసుకునే తీరు చూసి, "అక్కా, నువ్వు ఈ పక్కదానివి కాదు" అని తేల్చేసి, ఇంకో ముక్క వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు. రాత్రికి మలై కాజా కొనుక్కుని లాడ్జి గదిలో ఒంటరిగా తిన్నాను. బజారులో ఏదో కొత్త సినిమా పాట మోగుతోంది. తాళం ఒక్కటే తెలిసింది. కొత్త పాటలకు తాళం తప్ప ఇంకేముంటుందిలే అనుకున్నాను.

మనుబోలు

మనుబోలు హైవే మీది ఊరు. లారీల మోత ఆగదు. మస్తాన్‌ సాహెబ్ గారిల్లు రోడ్డుకి లోపలగా ఉంది. వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా గుళ్లో సన్నాయి వాయిస్తున్నారు. పొద్దున నమాజు, ఆ తర్వాత స్వామివారి మేలుకొలుపు. మా గుంటూరు వైపూ ఇది ఉన్నదే కాబట్టి నాకు వింత కాలేదు. వింతల్లా ఏమిటంటే, ఆయన నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తాను వీధిలోకి పోయి వాయిస్తాననడం.

"నాలుగు గోడల మధ్య వాయించేది కాదమ్మా ఇది. చెవులు చిల్లులు పడతాయి" అన్నారు.

"నావి ఇప్పటికే పడ్డాయి. ఇక్కడే వాయించండి" అన్నాను.

ఆయన కోడలు పసిబిడ్డని తీసుకుని పక్కింటికి వెళ్లిపోయింది. ఆయన సన్నాయికి తగిలించే రెల్లు పీకను నోట్లో నానబెట్టుకుని, ఊది చూసుకుని, ఖరహరప్రియ అందుకున్నారు. మొదట మిషన్ పెట్టుకునే కూర్చున్నాను. ఆయన స్వరం నిలిపిన ప్రతిసారీ మిషన్ అది తన సొంత కూతే అనుకుని దాన్ని నొక్కేస్తోంది. చిరాకేసి తీసి సంచిలో పడేశాను.

అందరికీ తెలిసిన కీర్తన వాయించారు. నేను దాన్ని ఎన్ని వందల సార్లు విన్నానో. కళ్లు మూసుకున్నాను. పల్లవి సంగతులు, అదే పాదానికి కొత్త కొత్త వంపులు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చి, అనుపల్లవిలో పై షడ్జం దాటి ఒక సంగతి పైకి లేచి, వంపు తిరిగి కిందికి దిగింది. ఒళ్లు ఝల్లుమంది. డాక్టరుకు ఏమీ తెలియదని అక్కడికక్కడే నిర్ణయించేశాను.

అయిపోయాక ఆయన ఆయాసపడుతూ నీళ్లు తాగారు. "మన్నించాలమ్మా. ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పటి నించి దమ్ము చాలడం లేదు. అనుపల్లవిలో ఆ పెద్ద సంగతి వదిలేసినా. మీరు కనిపెట్టే ఉంటారు."

"వదలడమేమిటండీ, వాయించారుగా. అద్భుతంగా వచ్చింది" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, "మర్యాదకి అంటా ఉండారు" అని నవ్వారు. పాపం పెద్దవయసు, తాను వాయించింది తనకే గుర్తుండడం లేదని నేను జాలిపడ్డాను. కోడలు తిరిగొచ్చి సేమ్యా పాయసం ఇచ్చింది. రెండు గ్లాసులు తాగి, మిషన్ అక్కర్లేదన్న ధీమాతో బస్సెక్కాను.

దొరవారిసత్రం దాటాక

సుగుణ నాకు గొంతుగా పరిచయం. తను నెల్లూరు ఎక్స్ఛేంజిలో, నేను తెనాలిలో. లైన్లు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో తను వాళ్ల చర్చి కీర్తనలు కూనిరాగం తీసేది, నేను ఇది ఫలానా రాగమని చెప్పేదాన్ని. మనుషులుగా కలుసుకున్నది రెండు మూడుసార్లే. వాళ్ల ఊళ్లో కోతల పండుగ ఆరాధన ఉంది రమ్మని ఏళ్ల తరబడి పిలుస్తోంది, ఈసారి వెళ్లాను. ఆటోవాడు, టీ కొట్టాయన, వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు, అందరూ నన్ను "పక్షులకామ్మా వచ్చింది?" అని అడిగారు. పాటలకని చెప్పినా పక్షులుండే వైపే చెయ్యి చూపించారు.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్లాం. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ముందు గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. దేవుడికి తెచ్చిన మొదటి పంట. పాటలు మొదలుపెట్టేది సుగుణ పెద్దమ్మ రాహేలమ్మ. ఎనభై దాటిన మనిషి, నిటారుగా నిలబడుతుంది. అక్కడొక పద్ధతుంది. ఆమె ముందు పాటలో ఒక పాదాన్ని మాటల్లా గట్టిగా చెప్తుంది. తర్వాత అందరూ దాన్ని పాడతారు. మళ్లీ ఇంకో పాదం చెప్తుంది. చదువురాని రోజుల్లో పెట్టుకున్న ఆనవాయితీ, చదువులొచ్చాక కూడా వదల్లేదు.

సుగుణ నా ఒళ్లో కీర్తనల పుస్తకం తెరిచి పెట్టింది. ఆ పుస్తకాల్లో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చు వేస్తారు. ఈ పాట మీద ఆనందభైరవి అని ఉంది. నాకు ప్రాణమైన రాగం. రాహేలమ్మ "గాలివాన వేళ నాకు గట్టు నీవే ప్రభువా" అని చెప్పింది. అందరూ ఎత్తుకున్నారు. చర్చి నిండా ఆనందభైరవి. అంత నిండుగా, అంత మంది కలిసి పాడగా నేను ఎప్పుడూ వినలేదు. రెండో చరణం వచ్చేసరికి నాకేమయిందో తెలియదు, నేను కూడా అందుకున్నాను. అమ్మ చెప్పిన మాట పక్కనపెట్టి గొంతు విప్పి పాడాను.

ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఇంకొకామె. సుగుణ నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కింది. నేను ఆపాను. చుట్టూ నోళ్లు కదులుతున్నాయి, ఆ కదలిక నాకు వినిపిస్తున్నదానితో కలవడం లేదు. సంచిలో తడిమి మిషన్ తీసి చెవిలో పెట్టుకున్నాను.

వాళ్లు పాడుతున్నది ఆనందభైరవి కాదు. దాని ఛాయ కూడా లేదు. వడిగా, తెడ్డు వేసినట్టు మూడు మూడు దెబ్బల మీద నడిచే వేరే పాటేదో. అందులో కూడా ముక్కలు ముక్కలుగా కింది స్వరాలే అందుతున్నాయి, పైవి లేవు.

సిగ్గు తర్వాత వేసింది. ముందు భయం వేసింది. మస్తాన్‌ సాహెబ్ గారు ఆ సంగతి నిజంగానే వాయించలేదు. బిట్రగుంటలో ఆ రికార్డులు నాకు ఎంత వినిపించాయో దేవుడికే తెలియాలి. ఎరిగున్న పాటైతే అందనిదాన్ని నా జ్ఞాపకం నింపేస్తోంది, ఎరగని పాటైతే కాగితం మీద పేరు చూసి కల్పించేస్తోంది. డాక్టరు చెప్పింది నిజమే. ఇంక ఈ జన్మకు కొత్త పాట లేదు. విన్నవాటినే తిరగేసుకుంటూ కూర్చోవాలి. చాప మీద కూర్చుని ఈ నిజం తెలుసుకుంటున్నప్పుడు నా పక్కన అందరూ దేవుడికి కృతజ్ఞతలు చెప్తున్నారు.

వేలం

ఆరాధన అయ్యాక పంటను వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. నేను గోడ పక్కన నిలబడి నా దిగుల్లో నేనున్నాను. వేలం వేస్తున్న పెద్దమనిషి నా వైపు చూసి ఏదో అన్నాడు. వినిపించనివాళ్లం తలాడిస్తాం, అది మా అలవాటు. ఆడించాను. మళ్లీ ఏదో అన్నాడు. మళ్లీ ఆడించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకతను వచ్చి నా చేతుల్లో బతికున్న పుంజును పెట్టాడు.

"తొమ్మిదొందలు. నీ మీద నువ్వే పాడుకున్నావు" అంది సుగుణ.

రాహేలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పుంజును, నన్ను మార్చి మార్చి చూసింది. "పాట తప్పు పాడినందుకు జరిమానా పడిందిలే. ఇంటికి తీసుకురా. కూరొండుకుందాం" అంది.

రాహేలమ్మ నేర్పిన తీరు

కోడి వంటింట్లో ఉడుకుతోంది. రాహేలమ్మా నేనూ వసారాలో కూర్చున్నాం. జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె ఆకు నములుతూ విన్నది.

"ఆ పుస్తకంలో రాగం ఎవరేసినారో ఏమో మాకు తెలీదు. మా తాత చెరువులో చేపలకి పోయేటోడు. పడవలో ఆయన ఎట్ట పాడినాడో మేమూ అట్టనే పాడుతుండాం" అంది. చెరువంటే వాళ్ల లెక్కలో పులికాట్ సరస్సు. "నీకిప్పుడు ఈ పాట కావాల్నా?"

"కావాలి. కానీ వినపడదు కదండీ."

"వినమని ఎవురన్నారు? పాడు."

"నాకు పాడడం రాదు."

"పొద్దున గుడంతా తిరిగి చూసేట్టు పాడినావే. అప్పుడెట్టొచ్చింది?"

ఆమె నా ఎడమ పక్కకు జరిగింది. వక్క వాసన నా చెంపకు తగిలేంత దగ్గరగా వంగి, పాదం మాటల్లో చెప్పింది. తర్వాత గొంతు బాగా కిందికి దించి పాడింది. నా చేతి మీద వేళ్లతో మూడు మూడు దెబ్బలు వేసింది. నేను తిరిగి పాడాను. తప్పితే బొటనవేలితో గిచ్చేది. మూడో చరణంలో పాట పైకి వెళ్తుంది. అక్కడ నాకు ఏమీ అందలేదు. గాలి తప్ప ఏమీ తగల్లేదు. చేతకాదని చెప్పేశాను.

ఆమె ఆ పాదాన్ని మొత్తంగా కింది స్థాయిలో పాడింది. అది అందింది. నేను పాడాను. "అదే. ఇప్పుడు దాన్నే పైన పాడు. కింద తెలిసినోళ్లకి పైన తెలవకుండా పోదు" అంది. పాడాను. సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలియలేదు. ఆమె గిచ్చలేదు కాబట్టి వచ్చిందనుకున్నాను.

కోడి కూర ఉడికింది, తిన్నాం, మళ్లీ కూర్చున్నాం. ఆమెకు ఒకసారి దగ్గొచ్చింది, ఒకసారి కునుకొచ్చింది. ఎండ దిగేసరికి ఆ పాట మొత్తం నా నోట్లో ఉంది.

సాయంత్రం

సాయంత్రం ప్రార్థనకు కొద్దిమందే వచ్చారు. రాహేలమ్మ ఆ పాటే చెప్పింది. మిషన్ పెట్టుకోలేదు, పుస్తకం తెరవలేదు. నేను సంగీతం దగ్గర కళ్లు మూసుకునే రకాన్ని, అలాగే మూసుకున్నాను. పాట వచ్చింది. మొదటి చరణం, రెండో చరణం, అందరి గొంతులతో నిండుగా వినిపించింది. మూడో చరణంలో పైకి ఎక్కింది, అక్కడ నిలబడింది, దిగింది. ఇది నిజంగా వింటున్నానా, నేర్చుకున్నది తలుచుకుంటున్నానా అని నన్ను నేను అడగదలుచుకోలేదు. నేను కూడా పాడుతూ పోయాను.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే సుగుణ నా భుజం పట్టుకుంది. ఎడమ చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

"మూడో చరణంలో పెద్దమ్మకి దగ్గొచ్చి ఆగిపోయింది, రాజ్యం. ఆమె చెప్పకపోయేసరికి మేమందరం ఆగిపోయినాం. నువ్వొక్కదానివే పాడినావు."

"మళ్లీ తప్పు పాడానా?"

"ఆ పై పాదం ఒంటరిగా పాడేసినావు. ఆ తర్వాత మేము నీ గొంతు పట్టుకుని పాడినాం."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. చెప్పులు కుడి ఎడమలు మార్చి తొడుక్కుని సుగుణ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను. నా పాట నేను వినలేదు. ఎవరూ పాడని పాట విని దాని వెంట పాడాను, నలుగురు నా వెంట వచ్చారు. ఇన్నేళ్లు విన్నదాంట్లో ఇంత తృప్తి నాకు ఎప్పుడూ కలగలేదని నిజాయితీగా చెప్పగలను.

మర్నాడు పొద్దున ఆటో వచ్చింది. రాహేలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఆటోవాణ్ణి ఇంజను కట్టేయమంది. వాడు రైలుకి టైమవుతుందన్నాడు. ఆమె వాడి మాట పట్టించుకోలేదు. లోపలికి వంగి నా తల తన వైపు తిప్పుకుని, నాకు తెలియని ఇంకో పాటలో మొదటి పాదం మాటల్లో చెప్పింది. తర్వాత కింది స్థాయిలో పాడింది.

నేను తిరిగి పాడాను.

"తప్పు" అంది. "మళ్లీ."

మళ్లీ పాడాను.